కొండ ఎక్కింది ఒక్కడేనా?

సైకిల్ పందేల గురించి రాసేవాళ్ళకి ఒక జబ్బుంది. టూర్ డి ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోకో పిరెనీస్‌లోకో అడుగుపెట్టగానే వాళ్ళ వాక్యాల్లోంచి బహువచనం మాయమైపోతుంది. ఎదురుగా కొండ, కింద ఒంటరి మనిషి అని మొదలెడతారు. జట్టుకి 8 మంది చొప్పున మూడు వారాలు తొక్కే పందెంలో చివరికి ఒక్క వీరుడే మిగులుతాడు. చదవడానికి బావుంటుంది. కానీ అది దొంగలెక్క అంటాను నేను.

అవతలివాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. చదును రోడ్డు మీద ముందువాడి వెనక నక్కి తొక్కితే గాలి దెబ్బ తప్పుతుంది, శ్రమ బాగా తగ్గుతుంది. నిటారు ఎత్తులో వేగం పడిపోతుంది కాబట్టి ఆ ఆసరా చాలావరకు పోతుంది. మిగిలేది తన బరువు, తన ఊపిరి. అందుకే మొనగాడెవరో కొండే తేలుస్తుందంటారు. ఆఖరి ఐదు కిలోమీటర్ల వరకూ నేనూ ఒప్పుకుంటాను. కానీ అక్కడికి చేరేసరికి ఎవరి కాళ్ళలో ఎంత సత్తువ మిగలాలో అంతకు చాలాముందే తేలిపోతుంది. అది తేల్చేది వేరేవాళ్ళు.

2022 జులై 13నే తీసుకోండి. 11వ స్టేజ్, గమ్యం గ్రానోన్ కొండ. అంతకుముందు రెండేళ్ళూ టూర్ గెలిచిన పొగాచర్ పసుపు జెర్సీలో ఉన్నాడు. 2,642 మీటర్ల ఎత్తున్న గలిబియే కనుమ దారిలో జంబో-విస్మా జట్టు నుంచి రోగ్లిచ్, వింగెగార్డ్ వంతులేసుకుని దాడి చేశారు. ఒకడు ఉరుకుతాడు, పొగాచర్ వెంటపడి పట్టుకుంటాడు. ఊపిరి తీసుకునేలోపు రెండోవాడు ఉరుకుతాడు. ఆ తర్వాత గ్రానోన్: 11 కిలోమీటర్లకు పైగా ఎత్తు, సగటు వాలు 9 శాతం పైనే. సుమారు ఐదు కిలోమీటర్లుందనగా వింగెగార్డ్ కదిలాడు, పొగాచర్ కదల్లేకపోయాడు. 2 నిమిషాల 51 సెకన్లు పోయాయి. పసుపు జెర్సీ పోయింది. చివరికి టూరే పోయింది.

మరి రోగ్లిచ్? అంతకు వారం ముందే కిందపడి భుజం జారినవాడు. అయినా ఆరోజు ఒంట్లో ఉన్నదంతా ఖర్చుపెట్టాడు. 15వ స్టేజ్ మొదలవకముందే పందెం వదిలేసి వెళ్ళిపోయాడు. తర్వాత 18వ స్టేజ్‌లో ఒటకామ్ కొండ మీద పొగాచర్‌ని వెనక్కి నెట్టిన వేగం కూడా వింగెగార్డ్‌ది కాదు, ముందుండి లాగిన వాన్ ఆర్ట్‌ది. వింగెగార్డ్ గొప్పవాడు కాదా అంటే, గొప్పవాడే. ఇంతమంది తన మీద పెట్టిన అప్పుని ఆఖరి ఐదు కిలోమీటర్లలో తీర్చగలగడమే అతని గొప్పతనం. మనం మాత్రం అప్పు సంగతి దాచేసి ఆస్తి ఒక్కటే చూపిస్తున్నాం.

నాయకుడి కోసం తొక్కేవాళ్ళని ఫ్రెంచిలో 'డొమెస్టిక్' అంటారు. పనివాడు అని అర్థం. ఆ పనివాడికి కథలో చోటు దొరకాలంటే ఏడవాలి. 1934లో ఇరవయ్యేళ్ళ రెనే వియెత్తో పిరెనీస్‌లో తన చక్రం ఊడదీసి నాయకుడు మాన్య్‌కి ఇచ్చేశాడు. మర్నాడు వెనక్కి తిరిగెళ్ళి సైకిలే ఇచ్చాడు. మాన్య్ టూర్ గెలిచాడు, వియెత్తో ఐదోవాడయ్యాడు. రాతిగోడ మీద కూర్చుని ఏడుస్తున్న ఫొటో వల్లే అతను ఇప్పటికీ గుర్తున్నాడు. ఏడవకుండా చక్రాలిచ్చినవాళ్ళ సంగతేంటి?

లేదంటే నేరం బయటపడాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 దాకా గెలిచిన ఏడు టూర్లూ ఒక్కడి వీరగాథగానే అమ్ముడుపోయాయి. 2012లో డోపింగ్ సంగతి తేలి అవన్నీ రద్దయినప్పుడు, సాక్ష్యం చెప్పిన 11 మంది మాజీ సహచరుల వైపు లోకం మొదటిసారి సరిగ్గా చూసింది. గెలుపు ఏకవచనం, తప్పు బహువచనం!

తమాషా ఏంటంటే, రైడర్లకి ఈ భ్రమ లేదు. టూర్ గెలిచినవాడు ప్రైజ్ మనీని జట్టుతో పంచుకోవడం వాళ్ళ ఆనవాయితీ. డబ్బు దగ్గర న్యాయంగా ఉన్నది వాళ్ళు. మాటల దగ్గర పిసినారులం మనం. ఆ అలవాటు కొండ దగ్గరే ఆగిపోదు కూడా. మన ఆఫీసుల్లో డెమో ఇచ్చినవాడి పేరు మెయిల్లో మెరుస్తుంది, ముందురోజు రాత్రంతా సర్వర్లు కాచినవాడిది 'టీమ్' అనే మాట కింద నలిగిపోతుంది.

కాబట్టి కొండల స్టేజ్ గురించి రాసేవాళ్ళకి ఒకటే మనవి. శిఖరం మీద చేతులెత్తినవాడి గురించి ఎంతైనా రాయండి. కానీ అరగంట తర్వాత, కెమెరాలు వెళ్ళిపోయాక, ఒళ్ళు హూనమై పైకి చేరేవాడి పేరు కూడా కనుక్కుని రాయండి. ఆ పందెం వాడు కూడా గెలిచాడు.