మోటివేషన్ అంటే మందలింపు కాదు

"మా నాన్న బీపీ మాత్రలు మానేశారు. మీరైనా కాస్త మోటివేట్ చెయ్యండి సార్!" ఓపీలో తరచూ వినే మాట ఇది. అంటే గట్టిగా చీవాట్లు పెట్టమని అర్థం.

ఆ మాటకు అసలు అర్థం అది కాదు. లాటిన్‌లో 'మొవేరే' అంటే కదిలించడం. మోటారు, మోటివేషన్ రెండూ అక్కడి నుంచే పుట్టాయి. మన 'ప్రేరణ'లోని 'ఈర్' ధాతువుకూ కదలికే అర్థం. 'ప్ర' చేరితే ముందుకు కదిలించడం. రెండింటిలోనూ మందలింపు లేదు.

మా వైద్యశాఖకు ఈ మాట కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కాలం నుంచీ బాగా అలవాటు. ఆపరేషన్‌కు ఒప్పించి తీసుకొచ్చినవారిని 'మోటివేటర్' అనేవారు, వారికి కొంత పారితోషికం ఇచ్చేవారు. వచ్చిన మనిషి మనసులో ఏముందో అడిగే తీరిక తక్కువ. ఆ అలవాటు మాలో ఇంకా పూర్తిగా పోలేదు. ఇళ్లలోనూ ఉంది.

పైన చెప్పిన నాన్నగారినే తీసుకోండి. పని మీద రోజూ గిద్దలూరు నుంచి మార్కాపురానికి బస్సులో వస్తారు. బీపీ 170/100. "ఎందుకు మానేశారు?" అని అడిగితే తల దించుకున్నారు. కాసేపాగి, "మాత్ర వేసుకుంటే పదేపదే మూత్రం వస్తుంది సార్. దారిలో బస్సు ఆపమని ఎలా అడగను?" అన్నారు. ఆ మాత్రలో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసి ఉంది. అంతకుముందు రెండుసార్లు ఆయన్ను మందలించి పంపింది నేనే. మాత్ర మార్చాను. మరుసటి నెల బీపీ 134/84.

మార్కాపురం చెన్నకేశవస్వామి రథం చూసినవారికి తెలుసు. చక్రం కింద అడ్డు తీయకుండా ఎంతమంది లాగినా రథం కదలదు. మద్యం అలవాటున్న వారితో ఎలా మాట్లాడాలో 1983లో అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ రాసిందీ ఈ దారిలోనే: వాదించకండి, మారడానికి కారణాన్ని వారి నోటే రానివ్వండి.

బీపీ నొప్పి తెలియనివ్వకుండా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కిడ్నీ జబ్బు ఎంత బాధో మన పశ్చిమ ప్రకాశంలో వేరే చెప్పాలా? అందుకే ఈ రాత్రి ఇంట్లో పెద్దవారిని "మాత్ర వేసుకున్నారా?" అని గద్దించకండి. "వేసుకోవడానికి ఇబ్బందేమిటి?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. మాత్రను మీరే మార్చకండి, ఆపకండి. ఆ జవాబును మాత్రం మాదాకా తీసుకురండి. మాకు కావలసింది అదే.