డాక్టర్ ‘వెళ్లొచ్చు’ అన్నాక...

పక్షవాతం వచ్చి ఆరు నెలలైంది. ఫిజియోథెరపీ క్రమం తప్పకుండా చేయించుకున్నారు. చేతికర్ర సాయంతో నడుస్తున్నారు, మాట స్పష్టంగానే ఉంది. డాక్టర్ గారు ‘ఇక ఉద్యోగానికి వెళ్లొచ్చు’ అని రాసిచ్చారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. తీరా ఆఫీసుకు ఫోన్ చేస్తే అవతలి నుంచి ఎంతో మర్యాదగా ఒక జవాబు: ‘మీకెందుకండీ శ్రమ, హాయిగా రెస్ట్ తీసుకోండి!’

ఈ మాట విన్న కుటుంబాలు మన చుట్టూ తక్కువేం కాదు. ఇంటి లోను వాయిదా మాత్రం రెస్ట్ తీసుకోదు కదా!

వైకల్యం అంటే పుట్టుకతో వచ్చేదే అని చాలామంది అనుకుంటారు. అదుపు తప్పిన మధుమేహం చూపును దెబ్బతీయొచ్చు. బైక్ ప్రమాదంలో వెన్నుపూసకు గాయం కావచ్చు. పార్కిన్సన్స్ రావచ్చు. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తిస్తే, 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. మానసిక అనారోగ్యం, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ కూడా అందులో ఉన్నాయి. వీటిలో చాలావరకు పైకి కనిపించవు. చిక్కంతా అక్కడే.

మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ వ్యాధినే తీసుకోండి. చలి తగిలినా, ఒంట్లో నీరు తగ్గినా ఎముకల్లో భరించలేని నొప్పి మొదలవుతుంది. అలాంటి ఉద్యోగి సీటు సరిగ్గా ఏసీ గాలి మీద పడే చోట ఉంటే? నెలకోసారి సెలవు పెడతాడు. ‘చూడ్డానికి బాగానే ఉన్నాడు, సాకులు చెబుతున్నాడు’ అని పేరు పడుతుంది. సీటు నాలుగడుగులు పక్కకి జరిపి, నీళ్లు తాగడానికి మధ్యమధ్యలో లేవనిస్తే ఆ సెలవుల్లో కొన్నైనా తగ్గొచ్చు. దానికయ్యే ఖర్చు ఎంత?

ఖర్చు ఎక్కువని భయపడే యజమానులు ఈ లెక్క చూడాలి. చూపు లేనివారికి కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితం. కాకపోతే సర్క్యులర్లను ఫొటోలు తీసి పంపితే అది సరిగ్గా చదవలేకపోవచ్చు, టైపు చేసి పంపాలి. వినికిడి లేనివారికి మీటింగులో చెప్పింది రాసి పంపితే చాలా పని జరుగుతుంది. మందుల వల్ల పొద్దున్నే మగతగా ఉండేవారికి గంట ఆలస్యంగా వచ్చి, గంట ఆలస్యంగా వెళ్లే వీలు చాలు.

ర్యాంపు విషయంలోనే కాస్త చోటు, డబ్బు కావాలి. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు వాలు ఉండాలి. అంటే ఆరంగుళాల మెట్లు మూడుంటే 18 అడుగుల ర్యాంపు. చాలా చోట్ల కట్టినవి చూస్తే పిల్లల జారుడుబల్లలే గుర్తొస్తాయి! వాటి మీద చక్రాల కుర్చీ ఎక్కడం సంగతి దేవుడెరుగు, దిగడమే ప్రమాదం.

ఇవన్నీ యజమాని దయ మీద ఆధారపడినవీ కావు. తలకు మించిన భారం కాని సర్దుబాటును కూడా నిరాకరిస్తే దాన్ని వివక్షగానే 2016 చట్టం లెక్కిస్తుంది. సమాన అవకాశాల విధానం ప్రైవేటు సంస్థలకూ ఉండాలంటుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టు చూపించాలి. వర్ణాంధత్వం ఉందని తెలంగాణ ఆర్టీసీ ఒక డ్రైవర్‌ను ఇంటికి పంపితే, తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రైవేటు ఉద్యోగులకు ఇంత స్పష్టమైన రక్షణ లేకపోవడం ఈ చట్టంలో పెద్ద లోటు. దాన్ని సరిచేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

ఈలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో ‘పని చేయవచ్చు’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోకుండా, ఏ పనులు చేయగలరో, ఎంతసేపు కూర్చోగలరో, ఏ సర్దుబాట్లు కావాలో కూడా రాయమని డాక్టర్‌ను అడగండి. ఆ కాగితాన్ని జతచేసి, ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా ఆఫీసుకు పంపండి. జవాబు కూడా రాతలోనే ఇవ్వమని కోరండి. ‘రెస్ట్ తీసుకోండి’ అని నోటితో అన్నంత తేలిగ్గా ఎవరూ కాగితం మీద రాసివ్వరు.