పసుపు ఆమెది కూడా

పచ్చి, పచ్చ, పసరు, పసిమి, పసిడి, పసుపు. అన్నీ ఒకే ఇంటి బిడ్డలు. లేతదనం, తడి, నిగనిగలాడే వన్నె ఈ మాటలన్నిటికీ పుట్టువు. అందుకే ఆకూ మనకు పచ్చే, పసుపూ పచ్చే. తమిళులకు అది మంజళ్, కన్నడిగులకు అరిశిన. తెలుగువాళ్లు మాత్రం ఆ దుంపకు బతుకు పచ్చదనంలోంచే పేరు పెట్టుకున్నారు.

పెళ్లి పనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. శుభలేఖ అంచుకూ, కొత్తబట్ట కొంగుకూ పసుపు పెడతాం. బంగారం లేని ఇంట పసుపుకొమ్ము కట్టిన తాడే తాళిబొట్టు. పెళ్లిలో కూతురికి పుట్టింటివారు ఇచ్చే పొలాన్ని ‘పసుపు కుంకుమల కింద ఇచ్చాం’ అంటారు. కాగితం లేకుండా నోటిమాటతో ఇచ్చిన చెక్కలూ ఉన్నాయి. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు ఆంధ్రప్రదేశ్ సమాన హక్కు ఇచ్చింది 1986 సవరణతో. అంతకు ఎంతో ముందునుంచే ఈ మాట ఆడపిల్ల చేతికి కాస్త నేలను అందించింది.

అదే మాటను మరోచోట ఆమె మీదికే తిప్పాం. భర్త చనిపోతే ‘పసుపు కుంకుమలకు దూరమైంది’ అంటాం. పొలం ఆమెదైనప్పుడు పసుపు ఆమెది. మనిషి పోయిన మర్నాటికి కాదు! 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఆచారం ఆనాడే కదిలింది. మన వాక్యం ఇంకా కదల్లేదు. ఇప్పటి కథల్లోనూ, సంతాప వార్తల్లోనూ అది అలవాటుగా దొర్లిపోతూనే ఉంది.

ఆర్మూరు చేలల్లో, దుగ్గిరాల కళ్లాల్లో పసుపు తవ్వి, కొమ్ములు విరిచి, ఉడకబెట్టి, ఆరబోసే కూలీల్లో భర్తలేని ఆడవాళ్లూ ఉన్నారు. పని ఉన్నన్నాళ్లూ వాళ్ల అరచేతులు పచ్చగానే ఉంటాయి. ఊరందరి శుభకార్యాలకూ పసుపు అందించే ఆ చేతులకు పసుపు దూరమైందని ఏ నోటితో అంటాం?

రచయితలకు మా మనవి ఒక్కటే. భర్త పోయాడని చెప్పాల్సినచోట భర్త పోయాడనే రాయండి. ఆమె దుఃఖం ఆమెకు చాలినంత ఉంది. దానికి భాష శిక్ష కూడా తోడవనక్కర్లేదు. ఇక రాతతో ఆగకుండా, ఇంట్లో పేరంటం ఉంటే పిలుపుల్లో ఆమె గడప దాటి వెళ్లకండి. ఆమెను పిలవండి, ముందు వరసలో కూర్చోబెట్టండి, మిగతావారితో పాటే పసుపు రాయండి.