దుబాయ్ వెళ్తున్నారా? ఒక పూట అల్ ఐన్ తోటలో నడవండి



నవంబరు వచ్చిందంటే మా స్టాఫ్ రూమ్‌లో లీవ్ లెటర్లు మొదలవుతాయి. నిజామాబాద్, జగిత్యాల వైపు మన బ్రాంచీల్లో ఏ క్లాసు చూసినా కొందరు పిల్లల నాన్నలు గల్ఫ్‌లోనే ఉంటారు. సంక్రాంతి సెలవులకు ముందు నాలుగు రోజులు, తర్వాత నాలుగు రోజులు కలుపుకొని విజిట్ వీసా మీద వెళ్లొస్తామని అమ్మలు అడుగుతారు. ఆ లీవ్ లెటర్ల సంగతికి తర్వాత వస్తాను. ముందు, అక్కడున్న ఆ కొద్ది రోజుల్లో పిల్లలు ఏం చేసి వస్తున్నారన్న దాని మీద నాకు ఒక అభిప్రాయం ఉంది. అది చెప్పనివ్వండి.

నేను ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ పిల్లలకు ఇంగ్లీష్ చెప్తాను. సెలవుల తర్వాత మొదటి వారం ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, ఏం చూశారో నాలుగు మాటలు చెప్పమంటాను. దుబాయ్ వెళ్లొచ్చిన పిల్లలు దాదాపు అందరూ ఒకే పాఠం అప్పజెప్తారు. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. మాల్‌లో పెద్ద పెద్ద చేపలు. సఫారీలో ఒంటె. మూడు వాక్యాలతో అయిపోతుంది. "మరి డాడీతో ఏం చేశావు?" అని అడిగితే దిక్కులు చూస్తారు. చూసినవి చిన్నవని నేను అనను. కాకపోతే అవన్నీ కార్లో కూర్చుని, లిఫ్టులో నిలబడి, క్యూలో ఎవరిదో చెయ్యి పట్టుకుని చూసినవి. ఆరేళ్ల పిల్ల తన కాళ్లతో, తన చేతులతో చేసిన పని అందులో ఒక్కటీ లేదు. అందుకే దాని గురించి చెప్పడానికి మాటలు కూడా ఉండవు.

నా మాట ఇది: మీ ప్రోగ్రాంలోంచి ఒక మాల్ తీసేయండి. ఆ పూట అల్ ఐన్ ఒయాసిస్సులో పిల్లలతో నడవండి.

అల్ ఐన్ అబుదాబి ఎమిరేట్‌లోని ఊరు, ఒమన్ సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. అబుదాబి నుంచి అయినా, దుబాయ్ నుంచి అయినా కార్లో గంటన్నర ప్రయాణం. ఆ పేరుకు అర్థమే నీటి ఊట. ఊరి నడిమధ్యలో మట్టి ఇటుకల గోడల వెనక ఖర్జూరపు తోటలు ఉంటాయి. అధికారిక లెక్క ప్రకారం లక్షా 47 వేల చెట్లు, వంద రకాల దాకా ఖర్జూరాలు. 2011లో యునెస్కో అల్ ఐన్‌లోని ఒయాసిస్సులను, హిలి, హఫీత్ లాంటి పాత నివాస స్థలాలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దేశం నుంచి ఆ జాబితాకు ఎక్కిన మొదటి పేరు ఇదే. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. అందుకే కాబోలు టూర్ ప్యాకేజీలవాళ్లు దాని గురించి పెద్దగా చెప్పరు!

మా అక్కాబావలు అబుదాబిలో ఉంటారు. మొన్న జనవరిలో వాళ్ల పిల్లలిద్దరితో, ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, అక్కడ నడిచాం. ఒక గేటు నుంచి ఇంకో గేటుకు పెద్దవాళ్లైతే అరగంటలో నడిచేయొచ్చు. మాకు రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండు గంటల తేడా గురించే ఈ వ్యాసమంతా.

దారి చదునుగా, పరిచిన రాళ్లతో ఉంటుంది. రెండు వైపులా నడుమెత్తు నుంచి తలెత్తు దాకా గోడలు. లోపలికి అడుగు పెట్టగానే ఎండ పోయి నీడ మొదలవుతుంది, గాలి చల్లబడుతుంది. పాప మొదటి మాట "చిన్నమ్మా, అన్నీ ఈత చెట్లే!" అని. పోయిన ఏడు మా ఊర్లో కల్లు గీసే తాతను చూసింది లెండి. తప్పేమీ కాదు, మన ఈత చెట్టూ ఖర్జూరపు చెట్టూ ఒకే కుటుంబంలోవి, దగ్గరి చుట్టాలు. పైన ఖర్జూరపు మట్టల గొడుగు, దాని కింద మామిడి, నిమ్మ, దానిమ్మ, అరటి, ఇంకా కింద పశువుల మేత. ఎడారి ఎండను పై అంతస్తు భరిస్తే కింది రెండు అంతస్తులూ బతుకుతాయి. గోడ మీంచి తొంగి చూస్తూ ఏది ఏ చెట్టో పోల్చుకోవడమే పిల్లలకు అరగంట ఆట. ఖర్జూరంలో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు అనీ, వసంతంలో మనిషి చెట్టెక్కి మగ పువ్వు రెమ్మలను ఆడ గెలల్లో పెట్టి కడతాడనీ బావ చెప్తే పాప నమ్మలేదు. ఇప్పటికీ నమ్మిందో లేదో నాకు అనుమానమే.

అసలు మమ్మల్ని ఆపేసింది మాత్రం కాలువ. దాన్ని ఫలజ్ అంటారు. అడుగున్నర వెడల్పు ఉంటుంది, నాలుగేళ్ల పిల్లాడు గెంతి దాటేయగలడు. ఆ నీళ్లు కొండ దిగువన ఎక్కడో లోతుగా తవ్విన తల్లి బావిలో మొదలవుతాయి. అక్కడి నుంచి చాలా కొద్ది వాలుతో భూమిలో సొరంగం తవ్వుతారు. మధ్య మధ్యలో గాలికీ, పూడిక తీయడానికీ పై నుంచి బావుల్లాంటి కంతలు పెడతారు. సొరంగం తోట దగ్గరకు వచ్చేసరికి పైకి తేలి మామూలు కాలువ అవుతుంది. మోటారు లేదు, ఏతం లేదు, వాలు మీదే నీళ్లు నడిచి వస్తాయి. అల్ ఐన్ పక్కనే హిలిలో బయటపడిన ఫలజ్ దాదాపు 3,000 ఏళ్ల నాటిది. మొత్తం అలాగే నడుస్తోందని మాత్రం అనుకోవద్దు. అక్కడ కూడా భూగర్భ జలాలు పడిపోయి, పాత కాలువల్లోకి మోటారు బావుల నీళ్లు తోడు పోయాల్సి వస్తోంది. బోర్లు ఎండిపోవడం చూసిన మన రైతు కుటుంబాలకు ఆ ముక్క వేరే వివరించక్కర్లేదు.

బాబు ఒక ఎండు రెమ్మను నీళ్లలో వేశాడు. అది కొట్టుకుపోతుంటే పక్కన పరుగు. కొంత దూరం వెళ్లాక కాలువ రెండు పాయలైంది. ఒక పాయ నోటికి రాయి పెట్టి, గుడ్డ కుక్కి ఉంది. రెమ్మ అక్కడ చిక్కుకుంది. "ఎవరు మూశారు?" అన్నాడు. అక్క వాడి చెయ్యి పట్టుకుని లాగబోయింది, ఇంకా మ్యూజియం చూడాలి కదా అని. బావ ఆగిపోయాడు. గోడ నీడలో కింద కూర్చున్నాడు కూడా.

"మా ఊర్ల గూడ గిట్లనే రా. చెరువు తూము కాడ నీరటాయన ఉంటుండె. ఎవల మడికి ఎప్పుడు నీళ్లిడవాలె, ఎప్పుడు బందు చెయ్యాలె, ఆయననే చూస్తుండె."

"మరి ఆయన నిద్రపోతే?"

"ఆయన నిద్రపోడు. నిద్రపోయేటోళ్లం మేమే."

అక్కడి నుంచి కథ తాతకు పోయింది, తాత పొలానికి పోయింది, నీళ్ల వంతు కోసం అర్ధరాత్రి లాంతరు పట్టుకుని గట్టు మీద నడిచిన చిన్నప్పటి బావ దగ్గరకు పోయింది. బావ తొమ్మిదేళ్లుగా ఆ దేశంలో ఉన్నాడు. ఆ కథ పిల్లలు అంతకుముందు వినలేదు. అక్క కూడా పూర్తిగా వినలేదట. ఫలజ్ నీళ్లను కూడా వంతుల వారీగానే పంచుతారు. ఏ తోటకు ఎంతసేపన్నది లెక్క ఉంటుంది, ఆ లెక్క చూసే పెద్దమనిషి ఉంటాడు. ఈ పంచుకునే పద్ధతినీ, దాని వెనక ఉన్న పనితనాన్నీ యునెస్కో 2020లో విడిగా గుర్తించింది. మన నీరటి వృత్తికి అలాంటి గుర్తింపు ఏదీ రాలేదు. చాలా ఊళ్లలో ఆ మాటే పిల్లలకు తెలియదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ కథ మాల్‌లో బయటికి రాదు. విమానం టికెట్లకు అంత పెట్టి వెళ్లేది నాన్నను చూడటానికి. రోజూ వీడియో కాల్‌లో "తిన్నావా, చదువుకున్నావా, అమ్మకివ్వు" దగ్గరే ఆగిపోయే నాన్నకూ, పిల్లలకూ మధ్య మాటలు కలవాలంటే ఇద్దరికీ చేతిలో ఏదో ఒక చిన్న పని ఉండాలి, వెనకనుంచి తొందరపెట్టే మనిషి ఉండకూడదు. కాలువ పక్కన నడక సరిగ్గా అలాంటిది.

టీచర్ని కాబట్టి ఇంకో మాట. దయచేసి దాన్ని ప్రాజెక్ట్ వర్క్ చేయకండి. "నోట్ చేసుకో, టీచర్ అడుగుతారు" అని ఒక్కసారి అన్నారంటే పిల్ల కళ్లు కాలువ మీంచి మీ మొహం మీదకు వచ్చేస్తాయి. నేను అడగను. ఛార్టు అక్కర్లేదు, అతికించిన ఫోటోలు అక్కర్లేదు. ఇంగ్లీష్‌లో మాట్లాడించాల్సిన పని కూడా అక్కడ లేదు. తెలుగులో కడుపు నిండా చెప్పుకున్న సంగతిని పిల్లలు క్లాసులో వచ్చీరాని ఇంగ్లీష్‌లోనైనా చెప్పి తీరతారు. చెప్పడానికి సంగతి ఉంటే మాటల కోసం వాళ్లే నన్ను పీకి పాకం పెడతారు. సంగతి లేని పిల్లకు నేను ఎంత గ్రామర్ నేర్పినా మూడు వాక్యాల దగ్గరే ఆగుతుంది.

వెళ్లేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. నవంబరు నుంచి మార్చి దాకే ఇది పిల్లలతో చేయదగ్గ నడక. మన వేసవి సెలవుల్లో అక్కడ 45 డిగ్రీలు దాటుతుంది. తోటలో నీడ ఉన్నా ఆ వేడిలో చిన్న పిల్లలను నడిపించకూడదు. ఉదయం పెందరాళే వెళ్లండి. నీళ్ల సీసాలు, టోపీ, పాత చెప్పులు, ఒక జత పొడి బట్టలు తీసుకెళ్లండి (ఎవరో ఒకరు కాలువలో కాలు పెట్టకుండా ఉండరు). దారి చదునుగా ఉంటుంది కాబట్టి చంటిపిల్లల బండి కూడా నడుస్తుంది. గోడల లోపలి తోటలు కుటుంబాల సొంతం, అవతలికి ఎక్కొద్దనీ, గెలలు తెంపొద్దనీ పిల్లలకు ముందే చెప్పండి. ఇక పిల్లలు ఆగిన చోటల్లా మీరూ ఆగండి. అవతలి గేటు చేరకపోయినా నష్టం లేదు, వెనక్కి తిరగండి.

ఇప్పటిదాకా చదివి "మాకెక్కడ కుదురుతుంది టీచర్" అనుకున్న అమ్మలు చాలామంది ఉంటారని తెలుసు. గల్ఫ్‌లో ఉన్న నాన్నల్లో ఎక్కువమందికి కుటుంబాన్ని పిలిపించుకునేంత జీతం ఉండదు. క్యాంపు గదిలో పదిమందితో ఉంటూ, రెండేళ్లకోసారి ఛుట్టీ మీద వస్తారు. ఆ నెల రోజులూ పెళ్లిళ్లు, బ్యాంకు పనులు, ఇంటి స్లాబు, చుట్టాలతో గడిచిపోతాయి. అందులోంచి ఒక్క ఉదయం పిల్లలకు ఇవ్వండి. అల్ ఐన్ అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ దాటితే బీదర్ వస్తుంది. అక్కడ బహమనీ సుల్తానుల కాలంలో రాతిలో తొలిచిన కరేజ్ ఉంది, సురంగ్ బావి అంటారు. అదే పద్ధతి, అదే సొరంగం, అవే గాలి బావులు, ఫలజ్‌కు అక్కచెల్లెలు అనుకోండి. బావుల అంచుల దగ్గర మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దు. అదీ దూరమనుకుంటే మీ ఊరి చెరువు కట్ట ఉంది. తూము ఎక్కడుందో, నీళ్లు ఎటు పారేవో చూపించే నాన్న పక్కన ఉంటే చాలు. ఎడారి నుంచి వచ్చిన మనిషి, అక్కడ నీళ్లు ఎలా దొరుకుతాయో ఆయనే చెప్తాడు.

ఇప్పుడు లీవ్ లెటర్ల సంగతి. ఇది నా సొంత అభిప్రాయం, ఆఫీసులో అడిగితే వేరే మాట చెప్పొచ్చు. హాజరు శాతం మీద మన స్కూలు గట్టిగా ఉంటుంది. పై క్లాసులకు అది అవసరం కూడా. కానీ నర్సరీ నుంచి సెకండ్ క్లాస్ వరకు పిల్లలు నాన్న దగ్గరకు వెళ్లడానికి జనవరిలో నాలుగు రోజులు అదనంగా అడిగితే మనం ముఖం చిట్లించకూడదు. వాళ్లను వేసవికి వాయిదా వేయించి మండే ఎండల్లోకి పంపడం కన్నా, ఒక యూనిట్ టెస్ట్ మళ్లీ పెట్టడం మాకు తేలిక. పోయిన పాఠాలు చెప్పడానికి నాకు రెండు లంచ్ బ్రేకులు సరిపోతాయి. మేనేజ్‌మెంట్ వారు ఈ ఒక్క మినహాయింపును రాతపూర్వకంగా ఇస్తే, జ్వరం అని అబద్ధం రాయాల్సిన అవస్థ అమ్మలకు తప్పుతుంది. ఆ లెటర్లు ఐదారేళ్ల పిల్లల చేతే మాకు ఇప్పిస్తున్నారు మరి.

సంక్రాంతికి వెళ్లేవాళ్లు డిసెంబర్ మొదటి వారంలోగా క్లాస్ టీచర్‌కు తేదీలు రాసి ఇవ్వండి. కారణం దగ్గర "నాన్నను చూడటానికి" అని రాస్తే చాలు.