స్టీరింగ్ బిగింపులో అంచనాలు వద్దు

బ్రేకు పట్టు తప్పితే గేరు తగ్గించవచ్చు, హ్యాండ్ బ్రేకు లాగవచ్చు. టైరు పేలినా స్టీరింగును అదిమిపట్టి బండిని పక్కకు తీసినవాళ్లున్నారు. ఆ స్టీరింగే తెగిపోతే బ్రేకు తొక్కడం తప్ప డ్రైవరు చేతిలో ఏమీ మిగలదు. అంతటి కీలకమైన స్టీరింగ్ బిగింపును చాలా షెడ్లలో ఇప్పటికీ చేతి అంచనాతో కానిచ్చేస్తున్నారు.

స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే టై రాడ్ చివర బాల్ జాయింట్ ఉంటుంది. దాని కాడ కొసకు పోనుపోను సన్నబడుతుంది. అది దిగే బెజ్జానిదీ అదే వాలు. నట్టును తగిన బలంతో బిగిస్తేనే కాడ అందులో కూరుకుపోయి కదలకుండా నిలుస్తుంది. బిగువు చాలకపోతే ప్రతి గుంతకూ కాడ లోలోపల కదులుతుంది. బెజ్జం అరుగుతుంది, నట్టు వదులవుతుంది, చివరకు కాడ విరగనైనా విరుగుతుంది, జారనైనా జారుతుంది. మితిమీరి బిగించినా ముప్పే: మర సాగిపోతుంది, పైకి ఏమీ కనబడదు. అందుకే ఏ మోడల్‌కు ఎంత బిగువో తయారీదారు న్యూటన్ మీటర్లలో లెక్క ఇస్తాడు. ఆ లెక్కను చూపేది టార్క్ రెంచ్. పైపు తొడిగిన పానా చూపలేదు.

ఎక్కువ పొరపాట్లు నట్టు వదులు కాకుండా కాడలోని అడ్డ బెజ్జంలో దూర్చే స్ప్లిట్ పిన్ను దగ్గరే జరుగుతాయి. బిగించాక నట్టు గాడీ ఆ బెజ్జమూ ఎదురెదురుగా రాకపోతే నట్టును ఇంకాస్త బిగించి కలపాలి. వదులు చేసి కలపకూడదు. పాత పిన్నునే మళ్లీ వంచడం, దాని బదులు తీగ ముక్క దూర్చడం క్షమించరానివి. కొత్త పిన్ను కొద్ది రూపాయలకే దొరుకుతుంది. లోపల నైలాన్ వలయం ఉన్న నట్టయితే విప్పినప్పుడల్లా మార్చాల్సిందే.

విప్పడంలోనూ జాగ్రత్త కావాలి. కాడను ఊడదీసే పుల్లర్ వాడకుండా దాని కొసను సుత్తితో బాదితే మర చెడుతుంది, రబ్బరు బూటు చిరిగితే లోపలికి దుమ్మూ నీరూ చేరతాయి. స్టీరింగ్ కాలమ్ కింది జాయింట్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే బోల్టు చాలా బండ్లలో షాఫ్టు మీది గాడి గుండా పోవాలి. జాయింట్ సరిగా దిగకుండా బోల్టు బిగిస్తే బండి కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఒకనాడు జాయింట్ ఊడి, స్టీరింగ్ తిరిగినా చక్రాలు తిరగవు.

పెద్ద ఫ్యాక్టరీలకూ ఈ ప్రమాదం తప్పలేదు. స్టీరింగ్ బోల్టు వదులయ్యే అవకాశం ఉందని 2018లో ఫోర్డ్ ఉత్తర అమెరికాలో దాదాపు 14 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. టై రాడ్ భాగంలో లోపం ఉండవచ్చని 2023 జులైలో మారుతి సుజుకి 87,599 ఎస్‌ప్రెస్సో, ఈకో వాహనాలను పిలిపించింది. షెడ్డులో జరిగిన తప్పును అలా వెనక్కి పిలిచే ఏర్పాటేదీ లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన పనివాళ్లకు కొదవ లేదు. వాళ్ల నేర్పును శంకించడం మా ఉద్దేశం కాదు. కానీ ఎంత నేర్పున్న చేయి అయినా అలసిన సాయంత్రం ఒకే బలంతో బిగించదు. ప్రతి షెడ్డులోనూ టార్క్ రెంచ్ ఉండాలి. జూన్‌లో బడులు తెరిచే ముందు బడి బస్సులను పరీక్షించే రవాణా అధికారులు కిందకి వంగి ఆ నట్లను చూడాలి. పిన్ను లేని బస్సుకు ఫిట్‌నెస్ ఇవ్వకూడదు.

వాహనదారులకూ ఒక మాట. స్టీరింగ్ పని చేయించాక బండి ఒక పక్కకు లాగినా, మలుపులో టక్కుమన్నా, స్టీరింగులో ఆట పెరిగినా ఇంటిదాకా పోనిద్దామనుకోకండి. అక్కడే ఆపి మెకానిక్‌నే పిలిపించండి.