రాగం పేరుంది, స్వరం లేదు

తిరుపతిలోనో చిత్తూరులోనో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు చేసే డీటీపీ షాపులోకి వెళ్లి ఆపరేటరు భుజం మీదుగా తెర వైపు తొంగి చూడండి. కంప్యూటర్ కొత్తదే కావచ్చు, విండోస్ కొత్తదే కావచ్చు. దాని మధ్యలో ఇంకో చిన్న తెర. అందులో పచ్చటి గుట్ట, నీలాకాశం, విండోస్ ఎక్స్‌పీ. ఆ ఎక్స్‌పీలో పేజ్‌మేకర్, దాని పక్కన తెలుగు టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్. ఆపరేటరు ఆపిల్ కీబోర్డు లేఅవుట్‌లో టకటకా మ్యాటరు కొట్టి, పీడీఎఫ్ చేసి, షేర్డ్ ఫోల్డర్‌లో వేస్తాడు. అక్కణ్నుంచి బయటి విండోస్‌లోకి, వాట్సాప్‌లోకి. పెళ్లివారు ప్రూఫు ఫోన్‌లోనే చూసుకుని 'ఓకే అన్నా' అంటారు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే మంగళం పాడేసింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, 2004లో అడోబి దాని పని ఆపేసింది. తెలుగు అచ్చులో చాలా భాగం ఇంకా ఈ జంట మీదే నడుస్తోంది.

దీన్ని చూసి వెనకబాటు అని నవ్వేవాళ్లున్నారు. నాకు ఇది వెనకబాటుగా కనబడదు. యూనికోడ్ తొలి ప్రమాణంలో, 1991లోనే, తెలుగుకు చోటు దొరికింది. కానీ సగటు వాడుకరి కంప్యూటర్‌లో తెలుగు కనబడటం మొదలైంది ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటు నుంచే. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సంగతికొస్తే, 2012 నాటి సీఎస్6 దాకా మన ఒత్తులకు సరైన ఏర్పాటే లేదు. అప్పటిదాకా అచ్చు ఆగదు కదా! ఫాంటు కంపెనీలు తెలుగు అక్షరాన్ని తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అంటూ ముక్కలు చేసి, ఆ ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల గళ్లలో కూర్చోబెట్టాయి. ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక. ఫాంటు ఉంటే అది తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు.

చిత్తూరు లాంటి సరిహద్దు ఊళ్లలో ఈ తలనొప్పి మూడింతలు. పెళ్లికొడుకు వేలూరు వైపు, పెళ్లికూతురు కుప్పం వైపు అయితే పత్రిక తమిళంలోనూ ఉండాలి, ఒక్కోసారి కన్నడంలోనూ. తమిళానికి 1999 నాటి తమిళ్‌నెట్ సదస్సు తర్వాత వచ్చిన ట్యామ్ అమరిక ఫాంటులు, కన్నడానికి నుడి, బరహ. మూడు భాషలు, మూడు పాత ప్రపంచాలు, ఒకే పేజీ. అవన్నీ కలిసి కాపురం చేసే ఇల్లు ఆ పాత ఎక్స్‌పీయే.

'యూనికోడ్‌లోకి మార్చేస్తే పోలా?' అని అడుగుతారు. మార్చే పరికరాలున్నాయి, వచనానికి చాలావరకు పనికొస్తాయి. అయితే ముందు ఆ ఫైలు తెరుచుకోవాలి కదా. పేజ్‌మేకర్ ఫైలును తెరిచే సత్తా ఇన్‌డిజైన్‌కు సీఎస్6 దాకా ఉండేది. ఆ తర్వాత వచ్చిన సీసీలో ఆ తలుపు మూసేశారు. ఇక దాన్ని నమ్మకంగా తెరిచేది పేజ్‌మేకరే. తెరిచి, మ్యాటరు తీసి, మార్చాక చూస్తే పద్యం పాదాలు విరిగిపోయి ఉంటాయి, పట్టికలు చెదిరిపోయి ఉంటాయి, పక్కన వేరే ఫాంటులో పెట్టిన పాఠాంతరం మూలంలో కలిసిపోయి ఉంటుంది. ప్రూఫురీడరు మళ్లీ మొదటి నుంచీ కూర్చోవాలి.

తిరుపతి వాళ్లకు ఈ నష్టం కొత్తేమీ కాదు. తిరుమల సంకీర్తన భాండాగారంలోని తాళ్లపాక రాగిరేకుల మీద అన్నమయ్య పాటలు 12 వేలకు పైగా దొరికాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివారు వాటిని చదివి పరిష్కరించారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా సాహిత్యం చెక్కుచెదరలేదు. కానీ రేకు మీద ఉన్నది రాగం పేరు, పాట. స్వరం లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. ఆ బాణీలు గొప్పవే. అన్నమయ్య పాడినవి మాత్రం కావు. హార్డ్ డిస్కులో పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే దాచి, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను పారేయడమంటే సరిగ్గా అదే పని మళ్లీ చేయడం. ఈసారి తెలిసి తెలిసి.

ఎమ్యులేషన్ విలువ ఇక్కడుంది. పాత యంత్రాన్ని కొత్త యంత్రంలో సాఫ్ట్‌వేర్‌గా తిరిగి కట్టి, పాత ప్రోగ్రామును ఏ మార్పూ లేకుండా నడపడమే ఎమ్యులేషన్. డాస్‌బాక్స్, క్యూఎము చేసేది అదే. మన షాపుల్లో ఎక్కువగా కనబడే వర్చువల్‌బాక్స్ కాస్త వేరు. అది ప్రాసెసర్‌ను అనుకరించదు, ఉన్న ప్రాసెసర్‌నే పంచుకుంటుంది. అందుకే వేగంగా ఉంటుంది. ఇంతకాలం ఈ తేడా ఆపరేటరుకు అక్కర్లేకపోయింది. ఇకమీదట కావాలి. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు, విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు. పైగా ఆర్మ్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లు వస్తున్నాయి. వాటి మీద ఎక్స్‌పీ నడవాలంటే ఇంటెల్ ప్రాసెసర్‌నే ఆసాంతం అనుకరించాలి. నడుస్తుంది, నెమ్మదిగా.

యంత్రం కన్నా గట్టి అడ్డంకి తాళం. అప్పట్లో కొన్ని భారతీయ భాషా ప్యాకేజీలు డాంగిల్‌తో వచ్చేవి. ప్రింటర్ పోర్టుకు తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. డబ్బు పెట్టి కొన్నవాడికే ప్రవేశం లేదు, దొంగ కాపీ వేసుకున్నవాడికి మాత్రం ఏ అడ్డూ లేదు! అమెరికాలో 2003లోనే కాపీరైట్ రిజిస్టర్ సిఫారసుతో లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్, పాడైపోయి మళ్లీ దొరకని డాంగిల్ తాళాన్ని దాటడానికి మినహాయింపు ఇచ్చారు. 2018లో గ్రంథాలయాలు పాత సాఫ్ట్‌వేర్‌ను భద్రపరచడానికీ ఇచ్చారు. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కొన్నవాడిని బ్యాకప్ కాపీ తీసుకోనిస్తుంది. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం దాటితే నేరం. గ్రంథాలయాలు ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చన్న మినహాయింపు, వాటి దగ్గర డిజిటల్ కాని ప్రతి ఉన్న రచనలకే. సాఫ్ట్‌వేర్‌కు కాగితం ప్రతి ఎక్కడిది? ఈ ఒక్క వాక్యాన్ని సవరించడానికి పెద్ద ఉద్యమం అక్కర్లేదు.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం 2010లో సల్మాన్ రష్దీ పాత మ్యాకింటాష్‌ను ఎమ్యులేషన్‌లో పాఠకుల ముందు పెట్టింది. ఆయన ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఎలా ఉన్నాయో అలాగే చూడవచ్చు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ తాళపత్రాలను కాపాడుతోంది. ఆ తాళపత్రాల గది పక్కనే ఒక బల్ల వేసి ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను, శ్రీలిపి, నుడి లాంటి ఫాంటు ప్యాకేజీలు అన్నీ నడిచే వర్చువల్ మెషిన్ ఒకటి పెట్టడానికి ఖర్చు కన్నా కావలసింది ఒక నిర్ణయం. ఫాంటు కంపెనీలు కూడా తమ పాత అమరికల పట్టికలను బయటపెట్టాలి. ఇరవై ఏళ్ల తర్వాత అందులో వ్యాపార రహస్యం ఏం మిగిలింది?

ఎమ్యులేటర్ శాశ్వతం కాదన్నది నిజమే. అదీ సాఫ్ట్‌వేరే, అదీ ముసలిదవుతుంది. భద్రతా సవరణలు ఆగిన ఎక్స్‌పీని ఇంటర్నెట్‌కు కలపడం చేజేతులా వైరస్‌ను పిలవడమే. వర్చువల్ మెషిన్‌కు నెట్‌వర్క్ తీసేసి వాడాలి. చివరికి మ్యాటరంతా యూనికోడ్‌లోకి రావలసిందే. అయితే వరస ముఖ్యం. ముందు పాత యంత్రాన్ని యథాతథంగా కాపాడుకోవాలి, ఆ తర్వాతే మార్పిడి. మూలం ఎదురుగా నడుస్తుంటేనే మార్పిడిలో తప్పు దొరుకుతుంది.

ప్రెస్సు యజమానులకు, పుస్తకాలు సొంతంగా అచ్చేసుకున్న రచయితలకు ఒక్క మనవి. పాత సీపీయూను పాతసామాన్ల కొట్టుకు వేసేముందు హార్డ్ డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా తీసి పెట్టుకోండి. ఫైళ్లొక్కటే కాదు, ఫాంటులు, సెటప్ సీడీలు, సీరియల్ నంబరు రాసిన అట్టపెట్టె కూడా.