‘ఎగరను’ అన్న పైలట్‌కు అండ ఏది?

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు వెళ్లిపోయాయి. రన్‌వే మాత్రం ఖాళీ కాలేదు. మంత్రులు, పార్టీల అధినేతలు, పారిశ్రామికవేత్తలు, సినిమావాళ్లు ఎక్కే చిన్న విమానాలు, హెలికాప్టర్లు ఇప్పటికీ అక్కడి నుంచే లేస్తుంటాయి. ఎన్నికలొస్తే వాటికి ఎక్కడలేని గిరాకీ. వాటిని నడిపేవాళ్ల ఉద్యోగం ఎలా ఉంటుందన్నది మాత్రం వార్తల్లోకి రాదు. పెద్ద విమానయాన సంస్థలో పైలట్లు తగ్గితే దేశమంతా ప్రయాణికులు చిక్కుకుపోతారు కాబట్టి పార్లమెంటులోనూ చర్చ జరుగుతుంది. చార్టర్ పైలట్ కష్టం అతనికి, అతని యజమానికి మధ్యే ఉండిపోతుంది.

రెండు వందల గంటలు ఎగిరి కమర్షియల్ లైసెన్సు చేతికి తెచ్చుకున్న కుర్రాడి సంగతి చూద్దాం. ఆ లైసెన్సు కోసం ఇంట్లోవాళ్లు పెట్టిన ఖర్చు అరకోటికి తక్కువ ఉండదు. పొలమో, ఇంటి స్థలమో తాకట్టులో ఉంటుంది. పెద్ద సంస్థల్లో కో-పైలట్ కొలువు కోసం క్యూ పొడుగు. ఈలోగా చార్టర్ సంస్థ పిలుస్తుంది: నెలకింత జీతం, టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఖర్చు మేమే పెట్టుకుంటాం, బదులుగా కొన్నేళ్ల బాండ్ రాయాలి. జీతం అంకె బాగానే కనిపిస్తుంది. పెద్ద సంస్థలో ఆదాయం చాలావరకు ఎగిరిన గంటలను బట్టి ఉంటే, ఇక్కడ ఎగిరినా ఎగరకపోయినా నెల తిరిగేసరికి డబ్బు పడుతుంది. కానీ లాగ్‌బుక్ నిండదు. కమాండర్ కావడానికి కావలసిన ఏటీపీఎల్ లైసెన్సుకు 1,500 గంటలు ఉండాలి. ఎయిర్‌లైన్‌లో ఒక్క ఏడాదిలో వచ్చే గంటలకు ఇక్కడ రెండు మూడేళ్లు పట్టినా పట్టవచ్చు. ఆ లెక్కలన్నీ కుర్రాళ్లు బాగానే వేసుకుంటారు. ఆఫర్ లెటర్‌లో లేనిది ఒకటుంది: ఖాళీగా కూర్చున్న సమయం ఎవరిది?

చార్టర్‌లో ఒక రోజు ఇలా సాగుతుంది. ముందురోజు రాత్రి పదింటికి ఫోను: పొద్దున్నే కడప, మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. నాలుగింటికి లేచి, వాతావరణం చూసుకుని, ఫ్లైట్ ప్లాన్ వేసుకుని, ఇంధనం బిల్లు దగ్గర్నుంచి వచ్చే పెద్దమనిషి తాగే కాఫీ దాకా అన్నీ ఇద్దరు పైలట్లే చూసుకోవాలి. పెద్ద సంస్థలో ఆ పనులకు వేరే విభాగాలుంటాయి. దిగాక నిరీక్షణ మొదలవుతుంది. సభ ఆలస్యం. ఒంటిగంట మూడవుతుంది, మూడు అయిదున్నర అవుతుంది. చిన్న విమానాశ్రయాల్లో ఏటీసీ రాత్రంతా పనిచేయదు. సమయం దాటితే పొడిగింపు కోసం ఎవరినో బతిమాలాలి. హెలికాప్టర్ అయితే ఇంకా కష్టం, పొద్దు గూకితే తాత్కాలిక హెలిప్యాడ్ నుంచి లేవడానికి వీల్లేదు. చెమటలు కక్కుతూ వచ్చిన నాయకుడి పీఏ ‘ఇంకా అరగంట వెలుతురుంది కదా కెప్టెన్’ అంటాడు. పశ్చిమాన మబ్బు కమ్ముకుంటోంది. పైలట్ పద్నాలుగు గంటల క్రితం నిద్ర లేచాడు. ఎగిరింది రెండు గంటలకు మించదు కాబట్టి బయటివాళ్లకు అది సుఖమైన ఉద్యోగమే.

ఆ క్షణంలో అతను ‘లేదండీ, ఎగరను’ అనగలడా? జీతభత్యాల మీద జరిగే చర్చంతా ఈ ప్రశ్న దగ్గరికి రాకుండా ఆగిపోతోందన్నది నా ఆవేదన. చట్టం ప్రకారం అనగలడు. విమానం లేవాలా వద్దా అన్నదాంట్లో చివరి మాట కమాండర్‌దే. కానీ ఆ మాట అన్న మర్నాడు కస్టమర్ వేరే సంస్థకు వెళ్లిపోతే, యజమాని మొహం మాడ్చుకుంటే, బాండ్ తీరడానికి రెండేళ్లుంటే, నెత్తిన అప్పుంటే? మంచి జీతం ఇచ్చి, కాదనే దారులన్నీ మూసేస్తే ఆ జీతం మౌనానికి ఇచ్చే ధర అవుతుంది.

ఉత్తరాఖండ్‌లో 2025 వేసవి చాలు ఇది చెప్పడానికి. మే 8న గంగోత్రి దారిలో గంగ్నానీ దగ్గర హెలికాప్టర్ కూలి ఆరుగురు పోయారు. వారిలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన యాత్రికురాలూ ఉన్నారు. జూన్ 15 తెల్లవారుజామున కేదార్‌నాథ్ నుంచి వస్తున్న మరో హెలికాప్టర్ గౌరీకుండ్ సమీపంలో కూలి పైలట్ సహా ఏడుగురు చనిపోయారు. ఆ సంస్థ మేనేజర్ల మీద పోలీసులు కేసు పెట్టారు. అది సరే. ప్రతికూల వాతావరణంలో హెలికాప్టర్లు నడిపారని తేలిన మరో సంస్థ పైలట్లు ఇద్దరి లైసెన్సులను ఆరు నెలలు సస్పెండ్ చేశారు. తప్పు చేస్తే పైలట్‌ను శిక్షించాల్సిందే. అయితే ఆ ఉదయం వాళ్లు ఎగరకుండా ఉండి ఉంటే వాళ్ల ఉద్యోగాలకు ఎవరు పూచీ పడేవారు? ఎగిరితే శిక్షించడానికి నిబంధన ఉంది. ఎగరకపోతే కాపాడడానికి ఆచరణలో ఏ ఏర్పాటూ లేదు.

పెద్ద సంస్థల్లోనే విశ్రాంతి నిబంధనలు ఎంత కష్టంగా అమలయ్యాయో చూశాం. వారానికి 36 గంటల విశ్రాంతిని 48కి పెంచుతూ, రాత్రి డ్యూటీ లెక్కను ఉదయం ఆరు దాకా పొడిగిస్తూ, రాత్రిపూట ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గిస్తూ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో నిబంధనలు తెచ్చింది. విమానయాన సంస్థలు అడ్డుపడ్డాయి, పైలట్ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. చివరకు 2025 జులైలో కొన్ని, నవంబరులో మిగతావి అమల్లోకి వచ్చాయి. డిసెంబరు మొదటివారంలో ఇండిగో వేలాది విమానాలు రద్దు చేసేసరికి ప్రభుత్వం వెనక్కి తగ్గి సడలింపులిచ్చింది. సంఘాలు, కోర్టు, మీడియా కళ్లు పెట్టుకుని చూస్తున్న చోటే ఇలా ఉంటే, రెండు విమానాలూ అయిదుగురు పైలట్లూ ఉన్న చార్టర్ సంస్థలో ఎవరు చూస్తారు? అక్కడా డ్యూటీ గంటలకు పరిమితులున్నాయి. కాకపోతే వాటిని దాటినట్టు నమోదు చేయాల్సిందీ, దాటించమని ఒత్తిడి చేసేదీ ఒకే ఆఫీసు.

అమెరికాలోనూ చార్టర్ పైలట్ వెనకబెంచీ వాడే. 2009 ఫిబ్రవరి 12న నెవార్క్ నుంచి బఫెలో వెళ్తున్న కోల్గన్ ఎయిర్ ప్రయాణికుల విమానం కూలి 50 మంది మరణించారు. కో-పైలట్ సియాటిల్ దగ్గర తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ, దేశానికి ఆ కొసనుంచి ఈ కొసకు రాత్రంతా ప్రయాణించి డ్యూటీకి వచ్చింది. ప్రమాదానికి అలసట ఎంతవరకు కారణమో దర్యాప్తు సంస్థ కచ్చితంగా తేల్చలేకపోయినా, బాధిత కుటుంబాలు ఏళ్ల తరబడి పోరాడి చట్టం మార్పించాయి. 2014 జనవరిలో కొత్త విశ్రాంతి నిబంధనలొచ్చాయి. అవి ప్రయాణికుల ఎయిర్‌లైన్లకే. చిన్న చార్టర్లకు పాత నిబంధనలే మిగిలాయి: ఎయిర్‌లైన్ పైలట్‌కు 365 రోజుల్లో వెయ్యి గంటలు పరిమితి, చార్టర్ పైలట్‌కు ఏడాదికి 1,400 గంటలు; పూర్తి సెలవు మూడు నెలలకు 13 రోజులు ఇస్తే చాలు.

అదే దేశంలో నెట్‌జెట్స్ అనే ప్రైవేటు జెట్ సంస్థ పైలట్లలో చాలామంది ఏడు రోజులు పని, ఏడు రోజులు ఇల్లు అనే పద్ధతిలో పనిచేస్తారు. వాళ్లకు బలమైన సంఘం ఉంది. ఆ ఏడు రోజుల్లో ఎక్కడికి పంపుతారో ముందుగా తెలియకపోయినా, ఎనిమిదో రోజు మాత్రం వాళ్లదే. కస్టమర్ ఎప్పుడు పిలుస్తాడో తెలియని వ్యాపారంలో రోస్టర్ ఎలా కుదురుతుందని మన చార్టర్ యజమానులు అడిగే ప్రశ్నకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. అనిశ్చితి వ్యాపారానిది. దాని భారం పైలట్ నిద్ర మీద పడనక్కర్లేదు. అదనంగా ఇద్దరు పైలట్లను పెట్టుకుంటే ఖర్చు పెరుగుతుంది నిజమే. గంటకు లక్షలు పోసి ఎక్కేవాళ్లు దాన్ని భరించగలరు.

ఒప్పందం కూడా రెండు వైపులా సమంగా లేదు. పైలట్లు ఉన్నపళంగా మానేస్తే ప్రయాణికులకు ఇబ్బందని 2017లో డీజీసీఏ నోటీసు గడువును కమాండర్లకు ఏడాదికి పెంచింది, కో-పైలట్లకు ఆరు నెలలుగా ఉంచింది. 2023లో నోటీసు పూర్తికాకుండానే వెళ్లిపోయిన 43 మంది పైలట్ల మీద అకాసా ఎయిర్ బాంబే హైకోర్టుకు వెళ్లింది. పైలట్ బాధ్యత అంత గట్టిగా రాసుకున్నప్పుడు అతని సెలవు, స్టాండ్‌బై గంటలు, ‘ఎగరను’ అన్నప్పుడు దక్కాల్సిన రక్షణ అంతే గట్టిగా రాసుకోవద్దా? చార్టర్‌లో చేరే కుర్రాడు జీతం అంకెకన్నా ముందు అడగాల్సినవి ఇవే: నెలలో ఏ తేదీలు ఫోన్ ఆపేసుకోవచ్చు? మైదానంలో కూర్చున్న గంటలు డ్యూటీ కిందికి వస్తాయా? గత ఏడాది వాతావరణం బాగాలేక రద్దయిన ప్రయాణాలెన్ని? ఆఖరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చే సంస్థలో జీతం కొంచెం తక్కువైనా చేరవచ్చు.

తెలుగువాళ్లకు ఇది పరాయి విషయం కాదు. 2002లో లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. 2004 ఏప్రిల్‌లో కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన నటి సౌందర్య విమానం బెంగళూరులో లేచిన కాసేపటికే కూలింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి నల్లమలలో వర్షంలో హెలికాప్టర్ కూలి మరణించారు. వీటి కారణాలు వేరువేరు, అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. అయినా అన్నిటిలోనూ పైలట్లు కూడా చనిపోయారు.

రాష్ట్ర ప్రభుత్వాలు, పార్టీలు ఈ చార్టర్లకు పెద్ద కస్టమర్లు. కాబట్టి ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోవాల్సిన పని లేదు. వీఐపీ ప్రయాణాలకు విమానం, హెలికాప్టర్ అద్దెకు పిలిచే టెండరులో ప్రభుత్వం మూడు షరతులు చేర్చవచ్చు: నిరీక్షణను డ్యూటీగా లెక్కించాలి, పైలట్లకు నెలలో ముందే ఖరారైన సెలవు రోజులుండాలి, భద్రతా కారణంతో రద్దయిన ప్రయాణానికి సంస్థకు కనీస అద్దె చెల్లించాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రద్దయినా డబ్బు వస్తుందని తెలిసిన యజమాని, మబ్బును చూసి వద్దన్న తన పైలట్‌ను ఎగరమని తొందర పెట్టడు.